డిక్కీ కారు తగ్గి ఎత్తు బండి ఎందుకు పెరిగింది: కందుకూరు తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నాన్నగారు 2012లో కొన్న సెడాన్ ఇంకా నడుపుతున్నారనీ, కొత్తది కూడా డిక్కీ ఉన్న కారే కావాలని పట్టుబడుతున్నారనీ రాశావు. ఒంగోలు, నెల్లూరు షోరూములన్నీ తిరిగితే నీకు చూపించినవన్నీ ఎత్తు బండ్లేనట, అదే ఎస్‌యూవీలు. "కంపెనీలు మామూలు కార్లను ఎందుకు వదిలేస్తున్నాయన్నా? మనకు అవసరమై చేస్తున్నారా, మనకు అంటగడుతున్నారా?" అని అడిగావు.

నేను ఇరవై ఏడేళ్లుగా బండ్ల కిందే బతుకుతున్నాను. మొదట ఒంగోలులో హెల్పరుగా చేరాను. తర్వాత ఒక షోరూములో సర్వీసు అడ్వైజరుగా చేశాను. ఇప్పుడు నెల్లూరు మినీ బైపాస్ దగ్గర సొంత షెడ్డు. అమ్మేవాళ్ల మాటలూ విన్నాను, కొన్నవాళ్ల బాధలూ విన్నాను. నా మటుకు నాకు తేలిందేమిటంటే, అవసరమూ ఉంది, అంటగట్టడమూ ఉంది. కానీ ఈ రెండిటికన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. పాత కారుకే కాళ్లు పొడుగు చేసి, పై చొక్కా మార్చి, ఎక్కువ ధరకు అమ్మే వీలు కంపెనీకి దొరికింది. ఆ వీలును పన్ను చట్టం ఇంకా పెంచింది.

నా షెడ్డులో జరిగిన సంగతి ఒకటి చెప్తాను. ఒకరోజు పక్కపక్కనున్న రెండు లిఫ్టుల మీదికి మారుతివే రెండు బండ్లు ఎక్కాయి, మామూలు కారు బాలెనో ఒకటి, ఎత్తు బండి ఫ్రాంక్స్ ఒకటి. పని నేర్చుకుంటున్న పిలకాయలను పిలిచి, బయట బాడీ చూడకుండా అడుగు నుంచి మాత్రమే చూసి ఏది ఏదో చెప్పమన్నాను. టార్చి వేసుకుని అటూ ఇటూ తిరిగారు. లోయర్ ఆర్మ్ చూశారు, సైలెన్సర్ పైపు చూశారు, వెనక యాక్సిల్ చూశారు. చెప్పలేకపోయారు. ఎట్ట చెప్తారు? రెండూ ఒకే ప్లాట్‌ఫారం, అంటే బాడీ కూర్చునే అడుగు భాగం ఒకటే. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం రెండిటికీ 2520 మిల్లీమీటర్లే. ఆ రోజు ఎక్కిన రెండిటిలోనూ ఇంజను అదే 1.2 లీటర్ల పెట్రోలు.

మరి ఎత్తు ఎక్కడి నుంచి వచ్చింది? టైరు మీద రాసింది చదవమన్నాను. బాలెనో పై వేరియంటు టైరు 195/55 ఆర్16. ఫ్రాంక్స్‌ది 195/60 ఆర్16. మొదటి అంకె టైరు వెడల్పు. రెండోది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో చెప్పేది. 195లో 55 శాతమంటే 107 మిల్లీమీటర్లు, 60 శాతమంటే 117. అంటే టైరు మార్పుతోనే బండి పది మిల్లీమీటర్లు లేచింది. నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తును గ్రౌండ్ క్లియరెన్సు అంటాం. బాలెనోకు అది 170, ఫ్రాంక్స్‌కు 190. ఇరవై మిల్లీమీటర్ల తేడాలో సగం టైరే ఇచ్చింది, మిగతా సగం సస్పెన్షన్ అమరికలో వచ్చింది. ఆ పైన నిలువుగా లేపిన బానెట్టు, చక్రాల చుట్టూ నల్ల ప్లాస్టిక్కు, టాపు మీద రెండు పట్టీలు.

ఫ్రాంక్స్ చెడ్డ బండి అనడం లేదు. నా దగ్గరికి వచ్చేవాటిలో తక్కువ తలనొప్పి పెట్టే బండ్లలో అదీ ఒకటి. కంపెనీ లెక్క నీకు కనపడాలనే ఇది చెప్తున్నాను. కారు తయారీలో అసలు డబ్బు పోయేది అడుగు భాగానికి. ఫ్లోరు రేకును నొక్కే అచ్చులు, వెల్డింగు లైను, ఇంజను, గేరుబాక్సు, బ్రేకుల సెట్టింగు, వీటన్నిటికీ పరీక్షలు. ఇదంతా వందల కోట్ల పని. ఒకసారి ఆ ఖర్చు పెట్టేశాక అదే అడుగు మీద రెండో బాడీ కూర్చోబెట్టడానికి అంత కాదు. కానీ అమ్మే ధర మాత్రం ఇంకో మెట్టు పైన. కొత్త బాలెనో 2022 ఫిబ్రవరిలో 6.35 లక్షల ఎక్స్-షోరూం దగ్గర మొదలైంది. ఫ్రాంక్స్ 2023 ఏప్రిల్‌లో 7.46 లక్షల దగ్గర మొదలైంది. మధ్యలో ఏడాది పైన గడిచి ధరలు పెరిగిన మాట నిజమే, అది తీసేసినా తేడా కనపడుతుంది. ఆ తేడాను మనం సంతోషంగా ఇచ్చాం.

అన్ని కంపెనీలదీ ఇదే దారి. టాటా పంచ్ కింద ఆల్ట్రోజ్ ప్లాట్‌ఫారం. హ్యుందాయ్ ఎక్స్‌టర్ కింద గ్రాండ్ ఐ10 నియోస్. హోండా ఎలివేట్ కింద సిటీ సెడాన్. 2012లో వచ్చి ఊళ్లను ఊపేసిన రెనో డస్టర్ కింద ఉన్నది లోగన్ వేళ్లే. మనవాళ్లు లోగన్‌ను టాక్సీగా తప్ప చూడలేదు, డస్టర్‌ను మాత్రం కళ్లకద్దుకున్నారు. ప్రపంచంలో చూస్తే ఈ దారికి పెద్ద మలుపు 1994లో టయోటా తెచ్చిన ఆర్ఏవీ4. లారీ లాగా విడి ఛాసిస్ (కింద వేరే ఇనప చట్రం) మీద కాకుండా కారు పద్ధతిలో కట్టిన ఎత్తు బండి అది. దాన్నే క్రాసోవర్ అంటున్నాం. మన స్కార్పియో, బొలెరో, పాత సుమో లాంటివి విడి ఛాసిస్ బండ్లు, వాటి జాతి వేరు. పేరు రెండిటికీ ఎస్‌యూవీయే కాబట్టి జనం ఒకటే అనుకుంటున్నారు.

ఇప్పుడు పన్ను సంగతి. నువ్వు చూసే బండ్లు ఆ ఆకారంలో ఎందుకున్నాయో దీంతోనే అర్థమవుతుంది. 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్లకు ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి దించారు. చిన్న కారంటే పొడవు 4 మీటర్లు దాటకూడదు, పెట్రోలు ఇంజను 1200 సీసీ, డీజిలు 1500 సీసీ దాటకూడదు. ఆ గీత పడిన రోజు నుంచి మన దేశంలో కారు బొమ్మ గీసేవాడి పక్కన టేపు పట్టుకుని ఇంకో మనిషి నిలబడ్డాడు. ముందు సెడాన్‌కు కత్తెర పడింది. 2008లో ఇండిగో సీఎస్ వచ్చింది. 4 మీటర్లు దాటి ఉండే డిజైర్‌ను 2012లో డిక్కీ కోసి 3995 మిల్లీమీటర్లకు తెచ్చారు. ఆ డిక్కీని వెనక నుంచి చూస్తే తొందరలో కోసిన కొబ్బరిమట్ట లాగే అనిపించేది నాకు.

2013లో ఫోర్డు ఎకోస్పోర్టు వచ్చింది. కాగితం మీద దాని పొడవు 4 మీటర్లకు ఒక మిల్లీమీటరు లోపల నిలబడింది. ఆ బండి చూశాక అందరికీ ఒక సంగతి తెలిసింది. పొడవు పెంచే వీలు లేనప్పుడు ఎత్తు పెంచు.

దీని వెనక మంచి ఇంజనీరింగు కారణం ఉంది. పీట మీద కూర్చుంటే కాళ్లు ముందుకు చాపాలి. కుర్చీలో కూర్చుంటే కాళ్లు కిందికి వేలాడతాయి, ముందు చోటు తక్కువ చాలు. సెడాన్‌లో కూర్చోవడం పీట మీద కూర్చున్నట్టు, ఎత్తు బండిలో కూర్చోవడం కుర్చీలో కూర్చున్నట్టు. అదే 4 మీటర్లలో ఎత్తు బండిలో మోకాళ్లకు ఎక్కువ చోటు దొరుకుతుంది. డిక్కీ కూడా పైకి లేస్తుంది కాబట్టి సామాను పడుతుంది. 4 మీటర్ల గీతకు డిక్కీ కారు సరిపడలేదు, ఎత్తు బండి అతికినట్టు సరిపోయింది. ఇందులో మోసమేమీ లేదు.

2017లో జీఎస్టీ వచ్చినా ఆ గీత చెరగలేదు. ఆ ఏడాది చివరికి సెస్సు అనే అదనపు పన్నుతో కలిపి చిన్న పెట్రోలు కారుకు 29 శాతం, చిన్న డీజిలుకు 31, గీత దాటిన 1500 సీసీ లోపు బండికి 45, పెద్ద కారుకు 48, ఎస్‌యూవీకి 50 శాతం. ఎస్‌యూవీ అనిపించుకోవాలంటే పొడవు 4 మీటర్లు దాటాలి, ఇంజను 1500 సీసీ దాటాలి, గ్రౌండ్ క్లియరెన్సు 170 మిల్లీమీటర్లు ఉండాలి. మూడూ కలిస్తేనే 50. ఒక్కటి తప్పినా తగ్గుతుంది. క్రెటా పాత బండిలో 1.6 లీటర్ల ఇంజను ఉండేది. 2020లో వచ్చిన కొత్తదానిలో 1497 సీసీ పెట్రోలు, 1493 సీసీ డీజిలు పెట్టారు. ఆ అంకెలు ఊరికే అక్కడ ఆగలేదు. చూడటానికి ఎస్‌యూవీ, కాగితం మీద 45 శాతం బండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు ఎత్తేశారు. ఇప్పుడు చిన్నవాటికి 18 శాతం, మిగతావాటికి 40. అంటే గీతకు ఇవతలకీ అవతలకీ 22 శాతం తేడా. ముందు పెట్రోలు బండ్లలో ఆ తేడా 16 ఉండేది. అందుకని 4 మీటర్ల లోపు ఎత్తు బండ్లు ఇంకా వస్తాయని నా నమ్మకం. 4 మీటర్లలోపు ఉన్నా బ్రెజా పెట్రోలుకు 40 శాతమే పడుతుంది, ఎందుకంటే దాని ఇంజను 1462 సీసీ. షోరూములో ఇది అడిగి చూడు, చాలామంది కుర్రాళ్లు తడుముకుంటారు.

మామూలు చిన్న కారు ఎందుకు నలిగిపోయిందో కూడా చెప్పాలి. నాకు ఎక్కువ బాధ కలిగించే భాగం ఇదే. 2019 ఏప్రిల్ నుంచి అన్ని కార్లకూ ఏబీఎస్ తప్పనిసరి, గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసేది అది. ఆ జులై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగు, తర్వాత పక్క సీటుకూ ఎయిర్‌బ్యాగు. 2020 ఏప్రిల్ నుంచి పొగ తగ్గించే బీఎస్6 నిబంధన. అంతకు ముందే 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఒకేసారి కట్టాలన్నారు. ఇవన్నీ మంచికే వచ్చాయి, ఒక్కటీ వద్దనను. కానీ ఎయిర్‌బ్యాగు ఖర్చు నాలుగు లక్షల కారుకైనా పన్నెండు లక్షల బండికైనా దాదాపు ఒకటే. పన్నెండు లక్షల్లో అది కనపడదు. నాలుగు లక్షల్లో కళ్లలో పొడుస్తుంది. మోటారు సైకిలు నుంచి కారుకు మారదామనుకున్న మనిషి అక్కడే ఆగిపోయాడు. ఆల్టో 800 తయారీ 2023లో ఆపేశారు, శాంట్రో అంతకు ముందే పోయింది. చిన్న డీజిలు ఇంజనూ బీఎస్6 ఖర్చు తట్టుకోలేక పోయింది. మా షెడ్డుకు వచ్చే టీచర్లు, గుమాస్తాలు, బట్టల కొట్టువాళ్లు అప్పట్లో కొత్త ఆల్టో కొనేవాళ్లు. ఇప్పుడు వాళ్లు నన్ను వెంటబెట్టుకుని వెళ్లి సెకండ్ హ్యాండు చూస్తున్నారు. కొత్తది కొనగలిగినవాడు మిగిలాడు. వాడి జేబులో డబ్బుంది, వాడికి ఎత్తు కావాలి. కంపెనీ వాడి వెంట పోయింది.

అంకెల్లో చెప్పాలంటే 2024-25లో దేశంలో అమ్ముడైన 43 లక్షల ప్యాసింజర్ బండ్లలో దాదాపు 28 లక్షలు యుటిలిటీ బండ్లే, అంటే నూటికి 65. ఇందులో ఎర్టిగా, ఇన్నోవా లాంటివీ కలిశాయి, అది గుర్తుపెట్టుకో. 2024 సంవత్సరంలో దేశంలో అందరికన్నా ఎక్కువ అమ్ముడైన బండి పంచ్. ఇంకో పోలిక చూడు. హ్యుందాయ్ 1998లో చెన్నై పక్క నుంచి మన దేశంలోకి అడుగుపెట్టింది శాంట్రో అనే చిన్న కారుతో. అదే గ్రూపు కియా పేరుతో 2019లో మన పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీ పెట్టి మొదట దించింది సెల్టోస్. చిన్న హ్యాచ్‌బ్యాక్ (బయటికి పొడుచుకొచ్చే డిక్కీ లేని మామూలు కారు) గానీ, సెడాన్ గానీ ఈ రోజుకూ ఇక్కడ అమ్మలేదు. ఇరవై ఏళ్లలో గాలి ఎటు మళ్లిందో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

అమెరికాలో ఇది ముందే జరిగింది. 1975 చట్టంతో అక్కడ మైలేజీ నిబంధనలు వచ్చినప్పుడు కార్లకు ఒక లెక్క, లైట్ ట్రక్కులకు కాస్త సడలించిన లెక్క పెట్టారు. కుటుంబాలు వాడే ఎత్తు బండ్లు ట్రక్కుల గాటన చేరాయి. 2018లో ఫోర్డు ఉత్తర అమెరికాలో సెడాన్లు దాదాపుగా మానేస్తున్నట్టు ప్రకటించింది. మన దగ్గర కూడా ఇంధన నిబంధనలో ఒక కంపెనీ అమ్మే బండ్ల సగటు బరువు పెరిగితే దాని లక్ష్యం కొంత సడలుతుంది. బరువు తగ్గించమని గట్టిగా అడిగేవాడు లేడన్నమాట.

అవసరం ఉందని మొదట్లో అన్నాను కదా, అది మన రోడ్ల దగ్గర ఉంది. మీ కందుకూరు నుంచి పామూరు వైపు పోయినా, ఇటు ఆత్మకూరు దాటి సోమశిల వైపు పోయినా నీకే తెలుసు. కయ్యలకు నీళ్లు మళ్లించడానికి రోడ్డు కోసి పైపు వేస్తారు, దాని మీద మట్టి దిమ్మ. చీమకుర్తి వైపు గ్రానైటు లారీలు నడిచి రోడ్డు మధ్యలో గట్టు లేచి ఉంటుంది. ఊళ్లలో స్పీడ్ బ్రేకరు ఎవరింటి ముందు వాళ్లు వేసుకున్నదే. అయిదేళ్ల కిందట కలిగిరి వైపు నుంచి ఒకాయన సెడాన్‌ను ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చాడు. వెనక ముగ్గురు కూర్చున్నారు, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు. అడుగు రాయికి తగిలి ఇంజను ఆయిలుండే ఛాంబరు పగిలింది. ఎర్ర లైటు వెలిగినా ఇల్లు రెండు కిలోమీటర్లే కదా అని నడిపాడు. ఆయిలంతా రోడ్డు పాలై ఇంజను పట్టేసింది. బేరింగులు, క్రాంకు అన్నీ బల్ల మీద పరిచి చూపిస్తే ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడింది. ఆ ఏడు పంట డబ్బు దానికే పోయింది. ఆయన తర్వాత కొన్నది ఎత్తు బండి. ఎందుకు కొన్నావని నేను ఎట్ట అడుగుతాను?

ఆ ఎత్తు చూసి తెచ్చుకునే ప్రమాదం కూడా ఉంది. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు వైపు హైవే కోసుకుపోయిన రోజులు గుర్తున్నాయి కదా. ఆ వారంలో నా షెడ్డుకు వచ్చిన నీళ్లు తాగిన బండ్లలో మూడు ఎత్తు బండ్లే. "ఎత్తు బండి కదా, దాటుతుందనుకున్నాం" అన్నారు ముగ్గురూ. గ్రౌండ్ క్లియరెన్సు రాయి కోసం, నీళ్ల కోసం కాదు. ఇంజను గాలి పీల్చే గొట్టం మూతి ఎక్కడుందో అదే నీళ్లకు హద్దు. ముందు బండి లేపిన అల అక్కడికి తగిలితే చాలు, నీళ్లు సిలిండరులోకి పోయి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మామూలు ఇన్సూరెన్సులో ఇది రాదు, ఇంజను ప్రొటెక్షన్ విడిగా తీసుకోవాలి. నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్టు కొట్టొద్దని ఇంట్లో అందరికీ చెప్పు.

ఎత్తుతో పోయేవి ఇంకా ఉన్నాయి. నెల్లూరు నుంచి ఒంగోలుకు హైవే మీద వందలో పోతే గాలిని తోయాల్సిన ముఖం పెద్దది కాబట్టి పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఊళ్లో నలభైలో తిరిగేటప్పుడు ఈ తేడా పెద్దగా తెలియదు, వేగం పెరిగేకొద్దీ తెలుస్తుంది. బరువు పైకి లేస్తుంది కాబట్టి కుక్క అడ్డం వచ్చి ఒక్కసారిగా స్టీరింగు తిప్పితే సెడాన్ నేలను పట్టుకున్నట్టు ఇది పట్టుకోదు. టైర్లు మార్చే రోజున 14 అంగుళాలకూ 17 అంగుళాలకూ తేడా బిల్లులో చూస్తావు. ఇవి షోరూములో ఎవరూ చెప్పరు.

ఎలక్ట్రిక్ బండ్లతో ఈ పోకడ ఇంకా గట్టిపడుతుంది. బ్యాటరీ పెట్టె సీట్ల కింద ఫ్లోరులో ఉంటుంది, దాని మందం మీద మనిషి కూర్చోవాలి. ఎత్తు బండిలో ఆ మందం దాగిపోతుంది, సెడాన్‌లో దాచడం కష్టం. నెక్సాన్‌ను ఎలక్ట్రిక్‌గా మార్చడం సులువైంది కూడా అందుకే.

ఇక నాన్నగారి సంగతి. సెడాన్లు పూర్తిగా పోలేదు. 4 మీటర్ల లోపు డిజైర్, అమేజ్, ఆరా ఉన్నాయి, వాటికి 18 శాతమే. 2024 నవంబరులో వచ్చిన కొత్త డిజైర్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు బండిని గుద్దించి చేసే భద్రతా పరీక్షలో పెద్దల రక్షణకు 5 స్టార్లు వచ్చాయి. పెద్దవాటిలో సిటీ, వెర్నా, వర్టస్, స్లావియా ఉన్నాయి. చివరి రెండిటికీ ఖాళీ బండి మీద గ్రౌండ్ క్లియరెన్సు 179 మిల్లీమీటర్లు, మన రోడ్లకు అది మంచి ఎత్తే. నాన్నగారు ఎక్కువగా హైవే మీద ఒంగోలు, విజయవాడ పోతారా, లేక వారానికోసారి పొలానికి పోతారా అన్నది నువ్వు రాయలేదు. హైవే ఎక్కువైతే ఆయన మాటే నిలబెట్టు. పొలం దారైతే మాత్రం ఎత్తు బండి చూడు.

ఏది చూసినా షోరూముకు ఆయన్ను వెంట తీసుకుపో. నువ్వు ఒక్కడివీ చూసి రావద్దు. అరవై దాటినవాళ్లకు మోకాళ్లే తేలుస్తాయి. సెడాన్ వెనక సీట్లో అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి అందించకుండా దిగమను. తర్వాత ఎత్తు బండిలో కూడా అట్టే చెయ్యమను. తలుపు చట్రం పట్టుకుని ఒళ్లు పైకి లాక్కుంటే సీటు మరీ కింద ఉన్నట్టు. దిగేటప్పుడు పాదం నేల వెతుక్కుంటే సీటు మరీ పైన ఉన్నట్టు. అమ్మగారు చీరలో ఎక్కి దిగడం కూడా చూడు, చాలామంది అది మరిచిపోతారు. టెస్టు డ్రైవుకు నలుగురూ ఎక్కి పొండి, షోరూము ముందున్న నున్నటి రోడ్డు మీద ఆపేయకుండా మీ వీధి స్పీడ్ బ్రేకరు దాకా తీసుకెళ్లమని అడుగు. అడుగు తగిలిందో లేదో అక్కడే వినపడుతుంది. తగలకపోతే నాన్నగారు అడిగిన డిక్కీ కారే బుక్ చెయ్యి.